గోడ మీద సామ్రాజ్యాలు

ఒకే కాగితం మీద నిజాం, మరాఠాలు, మైసూరు, ఈస్టిండియా కంపెనీ... అందరూ పక్కపక్కనే! రెండొందల నలభై ఏళ్ల నాటి ఆ గోడ పటానికి పెట్టిన పేరు మాత్రం ‘హిందూస్థాన్‌ లేక మొఘల్‌ సామ్రాజ్యం’. అప్పటికి మొఘల్‌ పాదుషాకి మిగిలిందల్లా ఆ పేరే. అసలు దాన్ని ఎవరు గీశారు? ఎవరు నడిచి కొలిచారు? అలాంటి పటాల పుట్టుపూర్వోత్తరాలు తవ్వుకుంటూ పోతే గుంటూరు రైతు దగ్గర్నుంచి నానక్‌రామ్‌గూడ ఎకరం దాకా ఎన్నో కథలు!

నానక్‌రామ్‌గూడ కూడలిలో సాయంత్రం ఆరు గంటలప్పుడు కాసేపు నిలబడి చూడండి. అన్ని వేలమంది వస్తూ పోతూ ఉంటారా... ‘ఫలానా చోటికి ఎట్లా పోవాలి?’ అని పక్కవాణ్ని అడిగేవాళ్లు ఒక్కరూ కనిపించరు. క్యాబ్‌ డ్రైవర్‌ ముందు ఫోను, బిర్యానీ తెచ్చే కుర్రాడి బండి హ్యాండిల్‌కి ఫోను, నిన్ననే శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి చేతిలో ఫోను. ‘రెండు వందల మీటర్ల తర్వాత ఎడమకు తిరగండి’ అంటూ ఓ గొంతు. అద్దాల మేడలు, ఔటర్‌ రింగ్‌ రోడ్డు, 2023లో ఇక్కడికి తరలివచ్చిన అమెరికా కాన్సులేటు... అన్నీ ఆ అయిదంగుళాల తెరమీదే.

అరచేతిలో ఇమిడిన ఈ పటం ఒకప్పుడు గోడంత ఉండేది. అది దారి చూపించడానికి కాదు, ‘ఇదంతా ఎవరిది?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి! రాజుల దర్బారుల్లో, కంపెనీ దొరల కచేరీల్లో, వర్తకుల హాళ్లలో వేలాడేది. ఆ పటాల్లో మన తెలుగునేల మీదుగా పోయిన గీతలు మన తాతముత్తాతల శిస్తునీ, చాకిరీనీ, చివరికి జిల్లా పేరునీ కూడా నిర్ణయించాయి.

దక్కను చూడనివాడు గీసిన దక్కను

మనవాళ్లకు బాగా సంబంధమున్న అలాంటి గోడ పటం ఒకటుంది. గీసినవాడు జేమ్స్‌ రెన్నెల్‌. 1742లో ఇంగ్లండులోని డెవన్‌ ప్రాంతంలో పుట్టాడు. పద్నాలుగేళ్లకే ఓడెక్కాడు. 1764లో బెంగాల్‌లో గంగానదిని కొలిచే పనిలో కుదిరి, 1767లో... అంటే పాతికేళ్లు కూడా నిండకుండానే బెంగాల్‌కి సర్వేయర్‌ జనరల్‌ అయ్యాడు. అంతకుముందు ఏడాదే భూటాన్‌ సరిహద్దుల దగ్గర సన్యాసుల దండు కత్తులతో మీదపడితే చావు తప్పి బయటపడ్డాడు. భుజం ఎముక తెగిపోయింది. ఆ కుడిచేయి మళ్లీ పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. 1777లో లండన్‌ వెళ్లిపోయి, అక్కడ కూర్చుని మొత్తం దేశానికి పటం గీశాడు. 1782లో రెండు షీట్ల మీద ఒకటి, 1788లో నాలుగు షీట్ల మీద ఇంకా పెద్దది. పటంతోపాటు ‘ఇందులో ఏ ఊరి సంగతి నాకు ఎవరు చెప్పారు’ అని వివరిస్తూ ఓ పుస్తకమూ అచ్చేశాడు. పటం కన్నా ఆ పుస్తకమే రసవత్తరం!

తమాషా ఏమిటంటే, రెన్నెల్‌ దక్కనులో అడుగు పెట్టనేలేదు. మరి హైదరాబాద్‌ని ఎక్కడ పెట్టాలో ఎట్లా తెలిసింది?

ఫ్రెంచి సేనాని బుస్సీ పేరు చిన్నప్పుడు బొబ్బిలి కథలో విన్నదే కదా. 1751లో సలాబత్‌ జంగ్‌ని నిజాం గద్దె మీద కూర్చోబెట్టి, 1758 దాకా దక్కనులో చక్రం తిప్పింది ఆ బుస్సీయే. అతని సైన్యం పుదుచ్చేరి వైపు నుంచి హైదరాబాద్‌కీ, అక్కణ్నుంచి ఔరంగాబాద్‌కీ నడిచిన దారుల లెక్కలు యూరప్‌ చేరాయి. దక్కనులో హైదరాబాద్‌, ఔరంగాబాద్‌, విజయనగరం లాంటి పెద్ద ఊళ్లను పటంలో ఒకచోట నిలబెట్టగలిగింది బుస్సీ నడకల వల్లేనని రెన్నెల్‌ ఒప్పుకున్నాడు. అంటే మన నగరాన్ని ఇంగ్లిష్‌వాడి పటంలో నిలిపింది ఫ్రెంచివాడి సైన్యం అన్నమాట!

అదొక్కటే కాదు. బెంగాల్‌ నుంచి దక్కను దాకా దారులు చూసి రమ్మని కామాక్‌ అనే కర్నలు పంపిన సిపాయి అధికారి గులాం మొహమ్మద్‌ పేరు ఆ పుస్తకంలో ఉంది. గుజరాత్‌ పటం గీసిచ్చిన సదానంద్‌ అనే బ్రాహ్మణుణ్ని రెన్నెల్‌ ఎంతో మెచ్చుకున్నాడు. పంజాబ్‌ సంగతులకు పారసీలో పేర్లు రాసిన ఓ దేశీయ పటమే ఆధారం. ఇలా నలుగురూ మోసుకొచ్చిన ఇటుకలతో కట్టిన ఇల్లు అది. పైన బోర్డు మాత్రం రెన్నెల్‌ది.

ఇక దూరాల గొడవ చూడండి. మనవాళ్లు ‘ఇక్కడికి మూడు క్రోసులు’ అనేవాళ్లు. క్రోసంటే ఎంత? ఒక్కో సీమలో ఒక్కో పొడవు! ఏ సీమ క్రోసు ఎన్ని మైళ్లో తేల్చడానికే రెన్నెల్‌ పేజీలకు పేజీలు ఖర్చుపెట్టాల్సి వచ్చింది. ‘ఇదిగో ఈ మలుపు తిరిగితే ఊరు’ అని చెప్పి రెండు కిలోమీటర్లు నడిపించే పల్లెటూరి పెద్దాయన మీకు ఎప్పుడైనా తగిలుంటే రెన్నెల్‌ కష్టం అర్థమవుతుంది.

1788 పటంలో ఒక డిగ్రీకి అంగుళంన్నర. ఆ లెక్కన అంగుళానికి సుమారు 46 మైళ్లు. చార్మినార్‌కీ గోల్కొండ కోటకీ మధ్య దూరం ఆ కాగితం మీద మూడు మిల్లీమీటర్లకు మించదు. ఇక కోటకు ఆవల ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న నానక్‌రామ్‌గూడ సంగతి చెప్పేదేముంది? సిరా చుక్క కింద మునిగిపోయినట్టే!

పేరు పాదుషాది... ఊరు మరొకరిది

రెన్నెల్‌కి ఓ చిక్కొచ్చింది. దేశాన్ని ముక్కలుగా చూపించాలి. కానీ ఆ ముక్కలు ఏడాదికోసారి మారుతున్నాయి. ఇవాళ మరాఠాలది అని రాస్తే, అచ్చయ్యేసరికి హైదరలీది అవుతోంది. అందుకని అక్బరు నాటి సుబాలనే పునాదిగా తీసుకుని, వాటి మీద అప్పటికి రాజ్యమేలుతున్నవాళ్ల హద్దుల్ని రంగులతో వేరుచేశాడు. అడుగున అక్బరు, పైన నిజాం, పక్కన పీష్వా, కింద టిప్పు... తూర్పు తీరంలో కంపెనీ. పాదుషా గారు దిల్లీలో పేరుకే ఉన్నాడు. అయినా పటం పేరులో సామ్రాజ్యం ఆయనదే. ఇందులో అబద్ధమూ లేదు. 1724లో దక్కనులో స్థిరపడిన మొదటి నిజాం పాదుషాకి సుబేదారే. ఆయన వారసులు 1857 తిరుగుబాటు దాకా నాణేల మీద మొఘల్‌ పాదుషా పేరే వేయించారు.

1782 పటంలో ఓ మూల అలంకారపు బొమ్మ ఒకటుంది. పాత పటాల్లో పేరు రాసే చోట ఇలాంటి బొమ్మలు మామూలే. ఇందులో బ్రిటానియా అనే దేవత ఠీవిగా నిలబడి ఉంటుంది. మన పండితులు వరుసగా వచ్చి శాస్త్రగ్రంథాలు ఆమె చేతికి అప్పగిస్తుంటారు. చుట్టూ అల్లిన దండ... గసగసాల మొక్కది! అదేనండీ, నల్లమందు మొక్క. బెంగాల్‌ నల్లమందు మీద కంపెనీ ఎంత సంపాదించిందో తెలిసినవాళ్లకి ఆ దండ వేసిన చిత్రకారుడు అమాయకుడని అనిపించదు. ఆ బొమ్మను చూశాక పటంలోని గీతల్ని చూసే చూపు కూడా మారిపోతుంది.

తెలుగువాళ్లకు ఆ రంగులు వట్టి రంగులు కావు. ఉత్తర సర్కార్లను నిజాం అలీఖాన్‌ 1766 ఒప్పందంతో కంపెనీకి వదిలేశాడు. ఒక్క గుంటూరు మాత్రం ఆయన తమ్ముడు బసాలత్‌ జంగ్‌ బతికున్నంత కాలం అతనికే అన్నారు. 1782లో, సరిగ్గా రెన్నెల్‌ మొదటి పటం వెలువడిన ఏడాదే, ఆయన పోయాడు. కంపెనీ చేతికి గుంటూరు వచ్చింది 1788లో. మధ్యలో ఆరేళ్లు ఉత్తరాలు, రాయబారాలు, బెదిరింపులు. అప్పుడు గుంటూరులో పొలం దున్నుకుంటున్న రైతుకి ‘నేనెవరి రాజ్యంలో ఉన్నాను?’ అన్న ప్రశ్నకు జవాబు లండన్‌లో ఓ గోడ మీద మారుతోందని తెలిసే అవకాశమే లేదు.

కడప కథ ఇంకా విచిత్రం. 1792 దాకా టిప్పుది. శ్రీరంగపట్నం సంధితో నిజాంది. ఎనిమిదేళ్లు తిరక్కుండానే, 1800లో, తన రక్షణ కోసం పెట్టుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం ఆ సీమనంతా కంపెనీకి ధారపోశాడు. కాలు కదపకుండానే మూడు రాజ్యాల రైతు! 1792 పంపకాలు కాగానే రెన్నెల్‌ దక్షిణాదికి విడిగా మళ్లీ పటం వేయాల్సి వచ్చింది. ధారపోసిన ఆ జిల్లాలకే ‘దత్తమండలాలు’ అని పేరు పడింది. ఆ పేరు నచ్చక 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్న పేరు ప్రతిపాదించారు. ఓ లెక్కల పుస్తకంలోని పద్దు పోయి సొంత పేరు రావడానికి నూటపాతికేళ్లకు పైనే పట్టిందన్నమాట.

జహంగీరు తిప్పి పంపిన పుస్తకం

పొరుగు సామ్రాజ్యాల పటాలకి ఇంకా పాత కథ ఒకటుంది. 1615లో ఇంగ్లండు రాజు రాయబారిగా సర్‌ థామస్‌ రో జహంగీరు కొలువుకి వచ్చాడు. 1617లో మెర్కేటర్‌ అట్లాసుని పాదుషాకి కానుకగా ఇచ్చాడు. కొన్నాళ్లకి అది తిరిగొచ్చేసింది. మా ముల్లాలకు ఇందులో ఏముందో చదవడం రావడం లేదు, ఇంత విలువైన వస్తువు నీ దగ్గరే ఉండనీ అని మర్యాదగా చెప్పి పంపాడట జహంగీరు. ‘ప్రపంచాన్ని జయించినవాడు’ అని పేరు పెట్టుకున్న పాదుషాకి, తన రాజ్యం అందులో అంత చిన్నగా కనిపించడం నచ్చలేదేమోనని కొందరి ఊహ. ఊహే అనుకోండి. కానీ మనసుకి హత్తుకునే ఊహ.

రో తిరుగు ప్రయాణం చేసిన ఓడలో విలియం బాఫిన్‌ అనే నావికుడు పనిచేస్తున్నాడు. ఉత్తరధ్రువం దిక్కున కెనడా పైన ‘బాఫిన్‌ బే’ ఉందే, ఆ పేరు ఇతనిదే. రో సమకూర్చిన వివరాలతో బాఫిన్‌ గీసిన మొఘల్‌ సామ్రాజ్యపు పటం 1619లో లండన్‌లో అచ్చయింది. ఆగ్రా నుంచి లాహోర్‌ దాకా చెట్ల నీడన సాగే రాజబాట, తైమూరు దాకా పూర్వీకుల పేర్లున్న జహంగీరు రాజముద్ర... అన్నీ అందులో ఉన్నాయి. మొదటి ముద్రణ ప్రతులు ఇవాళ చాలా అరుదు. బాఫిన్‌ మాత్రం పటాలు గీసే విద్యవల్లే ప్రాణం పోగొట్టుకున్నాడు. 1622లో పర్షియా సింధుశాఖలో, పోర్చుగీసు కోటను కొట్టడానికి గోడ ఎంత దూరముందో కొలుస్తుంటే లోపల్నుంచి గుండు వచ్చి తగిలింది.

అదే రోజుల్లో జహంగీరు ఆస్థాన చిత్రకారుడు అబుల్‌ హసన్‌ ఓ బొమ్మ వేశాడు. అది ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫ్రీర్‌ గ్యాలరీలో ఉంది. జహంగీరు, పర్షియా పాదుషా షా అబ్బాస్‌ ఆలింగనం చేసుకుంటారు. ఇద్దరి కాళ్ల కిందా భూగోళం. జహంగీరు సింహం మీద, షా అబ్బాస్‌ గొర్రె మీద నిలబడ్డారు. జాగ్రత్తగా చూస్తే జహంగీరు గారి సింహం ఆ గొర్రెను మెల్లగా పడమటికి, మధ్యధరా సముద్రం వైపు నెట్టేస్తుంటుంది! నిజానికి వాళ్లిద్దరూ జన్మలో కలుసుకోలేదు. ఆ తర్వాత నాలుగేళ్లకే, 1622లో, ఆ ‘గొర్రె’ వచ్చి కాందహార్‌ని పట్టుకుపోయింది.

ఈ రెండు ఏనుగుల మధ్య గోల్కొండ ఉంది. కుతుబ్‌షాహీలు షియాలు. మసీదుల్లో చదివే ఖుత్బాలో పర్షియా పాదుషా పేరు వినిపించేది. 1636లో షాజహాన్‌ మెడమీద కత్తి పెట్టి ఆ పేరు తీసేయించాడు. తన పేరు చదివించి, ఏటా రెండు లక్షల హొన్నులు కప్పం కట్టేలా అబ్దుల్లా కుతుబ్‌షా చేత రాయించుకున్నాడు. ఇంకో యాభై ఏళ్లకి, 1687లో, ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోటే ఔరంగజేబు చేతికి పోయింది. యూరప్‌లో మాత్రం గోల్కొండ పేరు పటాల్లో చాలా కాలం మెరుస్తూనే ఉంది. అంతా వజ్రాల మహిమ! ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే కృష్ణా తీరంలోని కొల్లూరు గురించి రాస్తూ, దాన్ని ఈ దేశభాషలో ‘గని’ అంటారని చెప్పాడు. మన మాటను ఊరి పేరనుకున్నాడు పాపం. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. హైదరాబాద్‌ పేరు కూడా ఆ కాలపు యూరప్‌ రాతల్లో ‘బాగ్‌నగర్‌’ అని ఉంటుంది. భాగమతి ఉందా లేదా అని వాదించుకునేవాళ్లకి ఇప్పటికీ అదో అస్త్రం.

పటం వెనక్కి తిప్పితే...

పాత పటం చేతికొస్తే తెలిసినవాళ్లు ముందు చూసేది బొమ్మని కాదు, వెనక వైపుని. కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పడతారు. చేత్తో చేసిన కాగితమైతే లోపల సన్నని గీతల జాలీ, కొన్నిట్లో తయారుచేసినవాడి నీటిముద్ర కనిపిస్తాయి. రాగిరేకు మీద చెక్కి అచ్చేసిందైతే చుట్టూ రేకు అంచు నొక్కిన గుర్తు పడుతుంది. చేత్తో వేసిన రంగు అంచుల దగ్గర కాస్త పొంగుతుంది. ఎవరి లైబ్రరీ ముద్ర ఉంది, ఏ మడత దగ్గర చిరిగింది, మూలన పెన్సిల్‌తో ఏ దుకాణంవాడు ధర రాసుకున్నాడు... ఇవన్నీ కలిస్తేనే పటం ‘జాతకం’. అది తెలియని పటానికి సగం విలువే.

గోడ పటాలు ఎక్కువ మిగలకపోవడానికి కారణం చాలా చిన్నది. అవి గోడ మీద ఉండటమే! అట్లాసు పుస్తకంలోని పటం బీరువాలో భద్రంగా నిద్రపోతుంది. గోడమీదిదైతే ఎండ, తేమ, దీపం పొగ, బల్లులు... అన్నీ భరించాలి. పైన పూసిన వార్నిషు ముదురు గోధుమ రంగుకి తిరిగి పెళుసెక్కి రాలిపోతుంది. కొత్త పటం రాగానే పాతది చెత్తబుట్టలోకి. డచ్‌ చిత్రకారుడు వెర్మీర్‌ తన బొమ్మల్లో గోడ పటాల్ని మడతలతో సహా వేశాడు. ఒక బొమ్మలో ఆయన వేసిన నెదర్లాండ్స్‌ గోడ పటం అసలు ప్రతులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. సైనికాధికారుల పటాల అదృష్టం కాస్త మెరుగు. వాటిని ముక్కలుగా కోసి, సన్నని నారగుడ్డ మీద అంటించి, మడిచి పెట్టెలో పెట్టుకునేవారు. గుర్రం మీద తిరిగొచ్చినవి గోడ మీద వాటికన్నా ఎక్కువకాలం బతికాయి!

అరుదైనదానికి దొంగలూ ఉంటారు. 2005 జూన్‌లో అమెరికాలోని యేల్‌ విశ్వవిద్యాలయం బైనెకి లైబ్రరీలో ఓ ఉద్యోగిని నేలమీద చిన్న కత్తి బ్లేడు చూసింది. దాంతో దొరికిపోయినవాడు ఫోర్బ్స్‌ స్మైలీ, పేరున్న పటాల వ్యాపారి! ఎన్నో లైబ్రరీల నుంచి 97 పటాలు కాజేశానని ఒప్పుకున్నాడు. 2006లో మూడున్నరేళ్ల జైలుశిక్ష పడింది. అప్పట్నుంచి పెద్ద వ్యాపారులు, గ్రంథాలయాలు ‘ఈ పటం ఎక్కణ్నుంచి వచ్చింది?’ అన్న ప్రశ్న మరింత గట్టిగా అడగడం మొదలుపెట్టారు. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. వందేళ్లు దాటిన పురావస్తువునూ, డెబ్భై అయిదేళ్లు దాటిన చారిత్రక విలువగల రాతప్రతులనూ ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు.

మన బొర్రయ్య... మన నగరం

హైదరాబాద్‌కి పటాల అదృష్టం ఎక్కువే. కాలిన్‌ మెకంజీ పేరు కైఫియతుల వల్ల తెలుగువాళ్లకి పరిచితమే. ఆయన 1790ల్లో నిజాం దగ్గరుండే కంపెనీ సైన్యంలో ఇంజినీరుగా ఉంటూ నిజాం రాజ్యానికి పటం తయారుచేశాడు. 1794లో శ్రీశైలం కూడా వెళ్లాడు. ఆ రోజుల్లోనే ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య ఆయన దగ్గర చేరాడు. ఊరూరూ తిరిగి శాసనాలు, స్థానిక చరిత్రలు సేకరించడంలో మెకంజీకి కన్నూ చెవీ ఆయనే. 1803లో చిన్న వయసులోనే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. మెకంజీ 1815లో మొత్తం భారతదేశానికి మొదటి సర్వేయర్‌ జనరల్‌ అయ్యి, 1821లో కన్నుమూశాడు. మిగిలిన పని నేను పూర్తి చేస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకుంటే, 1830ల్లో ఏషియాటిక్‌ సొసైటీలో జేమ్స్‌ ప్రిన్సెప్‌ ఒప్పుకోలేదు. అంత పని దేశీయుడి వల్ల కాదన్నాడు. మెకంజీకి ఆ పని చేసిపెట్టిందే ఆ దేశీయులు! పాత కాగితాలు చదువుతున్నప్పుడు ఇలాంటి చోట ఒళ్లు మండుతుంది.

విలియం లాంబ్టన్‌ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే కూడా మన మీదుగానే ఉత్తరాదికి వెళ్లింది. హిమాలయ శిఖరానికి పేరైన జార్జి ఎవరెస్టు 1818 చివర్లో ఆయన దగ్గర చేరింది హైదరాబాద్‌లోనే. మరుసటి ఏడు కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తుంటే విషజ్వరం ఎవరెస్టుతోపాటు బృందం మొత్తాన్నీ కూలదోసింది. కొందరు తిరిగి రానేలేదు.

నగరానికంటూ పెద్ద పటం పుట్టింది మాత్రం ఓ విషాదంలోంచి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనపెట్టుకుంది. నగరాన్ని మళ్లీ కట్టాలంటే ముందు ఏ ఇల్లు ఎక్కడుందో తెలియాలి కదా. నిజాం ప్రభుత్వం లెనార్డ్‌ మన్‌కి ఆ పని అప్పగించింది. 1912 నుంచి 1915 దాకా ప్రతి గల్లీ, ప్రతి బావి, ప్రతి గోడ కొలిచి 848 పటాలు తయారుచేశారు. హైదరాబాద్‌లోని కళాకృతి ఆర్కైవ్స్‌ సేకరణలో అవి ఉన్నాయి. ప్రశాంత్‌ లాహోటీ ఎన్నో ఏళ్లుగా పోగుచేసిన ఈ సేకరణలో జైనుల విశ్వపటాలు, తీర్థయాత్రల పటాలు, యుద్ధ పటాలు కూడా ఉన్నాయి. 2015లో దిల్లీలోని జాతీయ మ్యూజియంలో వీటితో పెద్ద ప్రదర్శన జరిగింది. గూగుల్‌ ఆర్ట్స్‌ అండ్‌ కల్చర్‌లో ఇంట్లో కూర్చునే కొన్నిటిని చూడొచ్చు. నానక్‌రామ్‌గూడలో కూర్చుని మీ ముత్తాత తిరిగిన పాతబస్తీ గల్లీని వేలితో పెద్దది చేసి చూసుకోవడం కన్నా మంచి ఆదివారం కాలక్షేపం ఏముంటుంది?

నక్షాలో గీత... నేలమీద కోట్లు

నానక్‌రామ్‌గూడ ఆ 848 పటాల్లో లేదు. అప్పటికి అది నగరమే కాదు, గోల్కొండకు అవతలి పల్లె. కానీ పల్లెకీ పటం ఉంటుంది. తెలంగాణలో దాన్ని ‘నక్షా’ అంటారు. అరబ్బీలో పుట్టి పారసీ మీదుగా వచ్చిన మాట... ఆ పొరుగు సామ్రాజ్యాల నుంచి మనకు మిగిలిన వాటా అనుకోవచ్చు. సేత్వార్‌, టీపన్‌, పహాణీ... ఇవన్నీ పుట్టింది నిజాం కాలపు సర్వేల్లోనే. ఫైనాన్షియల్‌ డిస్ట్రిక్ట్‌లో కోట్ల రూపాయల అద్దాల మేడ చిరునామా చూడండి. ఎక్కడో ఓ మూల ‘సర్వే నంబరు ఫలానా’ అని ఉంటుంది. జొన్నచేలకీ రాళ్లగుట్టలకీ ఎప్పుడో వేసిన అంకె అది.

ఆ కాగితాల పుట్టుపూర్వోత్తరాలకి ఎంత విలువుందో పక్కనే ఉన్న మణికొండ జాగీరు చెబుతుంది. అక్కడి హజ్రత్‌ హుస్సేన్‌ షా వలీ దర్గా చుట్టూ ఉన్న 1,654 ఎకరాలు దర్గా వక్ఫు భూమేనని 2006లో వక్ఫ్‌ బోర్డు సవరణ ప్రకటన ఇచ్చింది. కాదు, జాగీర్లు రద్దయ్యాక అది సర్కారుదని ప్రభుత్వం వాదించింది. ఐటీ కంపెనీలకీ, విద్యాసంస్థలకీ, ఆకాశహర్మ్యాలకీ కేటాయించిన భూములూ అందులో ఉన్నాయి. నిజాం కాలపు ఫర్మానాలు, ముంతఖబులు, 1949 నాటి జాగీరు రద్దు చట్టం... అన్నీ కోర్టు బల్ల మీదికి వచ్చాయి. ఏ కాగితం ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, దానర్థమేమిటి... పాత పటం కొనేవాడు అడిగే ప్రశ్నలే! 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు భూమి ప్రభుత్వానిదేనని తీర్పు చెప్పింది.

ఇంకో సంగతి. తెలంగాణలో అసలు నక్షాయే లేని గ్రామాలు వందల్లో ఉన్నాయి. 2025లో కొత్త భూభారతి చట్టం వచ్చాక, వాటిలో కొన్నిటిని ప్రయోగాత్మకంగా తీసుకుని మళ్లీ కొలవడం మొదలుపెట్టారు. నా పొలం హద్దు ఎక్కడ అని అడిగితే చూపించడానికి గీత లేని రైతు ఇన్నాళ్లూ ఎట్లా నెగ్గుకొచ్చాడో!

మీ ఇంట్లో కూడా అటక మీద తాతగారి ట్రంకుపెట్టె ఉంటే ఓసారి దించండి. గుడ్డ మీద అంటించిన నక్షాయో, పాత పటమో కనిపిస్తే దయచేసి లామినేషన్‌ మాత్రం చేయించకండి. ప్లాస్టిక్‌ అంటుకున్నాక దాన్ని విడదీయడం మహా కష్టం. సెల్లోటేపు అసలే వద్దు. ఆమ్లం లేని కాగితాల మధ్య పరిచి, ఎండ తగలని చోట ఉంచండి. ఎవరు తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు అన్నది ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి విడిగా ఓ కాగితం మీద రాసి పెట్టండి. దాచేముందు ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి. మూలన ఎవరైనా పెన్సిల్‌తో ఏదైనా రాసి ఉంచారేమో!